అయ్యగారి కోసం ప్రార్థన చేసేటప్పుడు

చిరంజీవి చిన్నోడికి పెద్దమ్మ దీవెనలు. ప్రభువు పేరట వందనాలు.

నిన్న నీతో ఫోన్‌లో మాట్లాడినప్పటి నుంచి మనసు మనసులో లేదు. మీ పాస్టరు అయ్యగారి ప్రసంగాల్లో మునుపటి పస లేదని, ఆరాధన అవ్వగానే ఎవరితో మాట్లాడకుండా వెళ్లిపోతున్నారని, కమిటీ మీటింగ్ పెట్టి అడిగేద్దామని కొందరు అంటున్నారని చెప్పావు. నువ్వు సంఘ పెద్దవై ఏడాది కూడా కాలేదు. మీటింగ్ తర్వాత చూద్దువుగాని, ముందు నెల రోజులు ఆయన కోసం ప్రార్థన చెయ్యి. అందులో నేను చేసిన ఒక తప్పుంది, అది నువ్వు చెయ్యకూడదనే ఈ ఉత్తరం.

చాలా ఏళ్ల కిందటి మాట. ఒక ఆదివారం మందిరంలో మర్చిపోయిన పాటల పుస్తకం కోసం వెనక్కి వెళ్లాను. మధ్యాహ్నం రెండు దాటింది. అప్పటి మా అయ్యగారు వెనక బెంచీ మీద ఒక్కరే కూర్చుని ఉన్నారు. ఇంటి నుంచి వచ్చిన క్యారేజీ మూత తియ్యకుండా పక్కనే ఉంది. "ఇంకా అన్నం తినలేదా అయ్యగారూ?" అన్నాను. కాసేపు పలకలేదు. తర్వాత మెల్లగా, "మూడు నెలలైందమ్మా, మోకరిస్తే మాట రావడం లేదు. మీ అందరి ఇళ్లలో ప్రార్థన చేస్తున్నాను, నా గదిలో మాత్రం చెయ్యలేకపోతున్నాను" అన్నారు.

ఆ శుక్రవారం స్త్రీల సమాజంలో ఆ మాటనే ప్రార్థన అంశంగా చెప్పేశాను. ఆదివారానికల్లా "అయ్యగారికి విశ్వాసం పోయిందంట" అని ఊరంతా పాకిపోయింది. ఆయన నన్ను పల్లెత్తు మాట అనలేదు. కానీ మళ్లీ ఎవరి దగ్గరా మనసు విప్పలేదు. ఆ ఏడాదే బదిలీ అడిగి వెళ్లిపోయారు. తలుచుకుంటే ఇప్పటికీ గుండెలో కలుక్కుమంటుంది నాన్నా. ఆయన నీతో చెప్పుకున్నది దేవుడికి తప్ప ఇంకెవరికీ చెప్పకు. పదిమందిలో ప్రార్థించాల్సి వస్తే "మా అయ్యగారికి బలమియ్యి ప్రభువా" అని ఊరుకో. వాట్సాప్ గ్రూపులో అసలే పెట్టకు.

మరి ఏమని అడగాలంటావా? "ఆయన్ని మార్చు ప్రభువా" అనకు, అది ఫిర్యాదు అవుతుంది. శిష్యుడైన పేతురు తనను ఎరగనని చెప్పబోతున్నాడని తెలిసి కూడా యేసు ప్రభువు ఏమన్నారు? "నీ నమ్మిక తప్పిపోకుండునట్లు నేను నీకొరకు వేడుకొంటిని." రోజూ అయ్యగారి పేరు పెట్టి ఆ ఒక్కటీ అడుగు. ఆయన వాక్యం సిద్ధపడే శనివారం రాత్రి అడుగు. ఆదివారం సాయంత్రం మాత్రం అస్సలు మానకు. ఏలీయా ప్రవక్త బదరీ చెట్టు కింద కూర్చుని చావు కోరుకున్నది, కర్మెలు కొండ మీద ఆయన ప్రార్థనకి ఆకాశం నుంచి అగ్ని దిగిన తర్వాతే కదా. అప్పుడు దేవుడు ఆయన్ని గద్దించలేదు. పడుకోనిచ్చాడు, లేపి రొట్టె, నీళ్లు ఇచ్చాడు, మళ్లీ పడుకోనిచ్చాడు.

యుద్ధం జరుగుతుండగా పైకెత్తి పట్టిన మోషే చేతులు బరువెక్కినప్పుడు అహరోను, హూరు ముందు ఒక రాయి తెచ్చి ఆయన్ని కూర్చోబెట్టారు. చేతులు పట్టుకున్నది ఆ తర్వాత. మీ అయ్యగారు సెలవు తీసుకుని ఎన్నాళ్లయిందో ఎవరైనా లెక్క చూశారా? చావులు, పెళ్లిళ్లు, ఆసుపత్రులు, అర్ధరాత్రి ఫోన్లు. నెలకి ఒక ఆదివారమైనా వేరేవాళ్లతో వాక్యం చెప్పించండి. నిద్ర లేక, తిండి సయించక వారాలు గడుస్తున్నాయని తెలిస్తే డాక్టర్ దగ్గరికి నువ్వే తోడు వెళ్లు. విశ్వాసం తక్కువై రాదు అది. లండన్‌లో వేలమందికి వాక్యం చెప్పిన స్పర్జన్ గారు కూడా మనసు కుంగిపోయి బాధపడ్డవారే. ఆ సంగతి దాచుకోకుండా సేవకు సిద్ధపడే తన విద్యార్థులకే చెప్పారు.

డబ్బు విషయంలోనో, నడతలోనో తప్పు బయటపడితే మాత్రం దాన్ని ప్రార్థన మాటున దాచకూడదు. అది కమిటీలో అడగాల్సిందే.

నెల తిరిగినా మార్పు కనబడలేదని విసుక్కోకు. మన ఒంగోలు ప్రార్థన కొండ సంగతి నీకు తెలియనిది కాదు. 1854 జనవరి 1 తెల్లవారుజామున మిషనరీ జువెట్ దొరగారు, దొరసానమ్మ, మరి కొద్దిమంది ఆ కొండెక్కి, ఈ ఊరికి ఒక సేవకుణ్ణి పంపమని మోకరించారు. ఆ సేవకుడుగా క్లౌ దొరగారు ఒంగోలు వచ్చేసరికి 1866 అయింది. 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారని మనమంతా గొప్పగా చెప్పుకుంటాం. నాకు మాత్రం ఆ కొండ మీది ప్రార్థనకీ క్లౌ దొరగారి రాకకీ నడుమ గడిచిన పన్నెండేళ్లే ఎక్కువ గుర్తొస్తాయి.

ఈ శనివారం రాత్రి తొమ్మిదికి నువ్వు అక్కడ మోకరించు, నేను ఇక్కడ కూర్చుంటాను. మోకాళ్లు వంగడం లేదు గనక కుర్చీలోనే. బస్సులో రెండు సీసాల ఆవకాయ పంపుతున్నాను. ఒకటి పాస్టరమ్మగారికి ఇవ్వు. లోపలికి రమ్మంటే వెళ్లు. అయ్యగారు ఏమైనా చెప్తే విను. ఏమీ చెప్పకపోతే నువ్వూ ఏమీ అడగకు, కాసేపు కూర్చుని రా.

మీ పెద్దమ్మ