అత్తగారికి జవాబు చెప్పాల్సింది మీరు కాదు

మేం మార్స్‌కి వచ్చి తొమ్మిదేళ్లయింది. ఆర్కేడియా మైదానంలో నేల కింది మంచును కరిగించి కాలనీకి నీళ్లిచ్చే ప్లాంటులో మావారి ఉద్యోగం. ఐదేళ్ల పాప ఇక్కడే పుట్టింది. మామగారు రెండేళ్ల క్రితం కాలం చేశారు. అత్తగారు తెనాలిలో ఒక్కరే ఉంటున్నారు. రాబోయే కృష్ణా పుష్కరాలకు పాపను తీసుకొచ్చి స్నానం చేయించమని రోజూ మెసేజ్ పెడుతున్నారు. పాప ఎముకలు అక్కడి బరువుకు తట్టుకుంటాయో లేదోనని డాక్టర్లు సందేహిస్తున్నారని చెబితే, ‘నా మనవరాలిని నాకు చూపించకుండా చేస్తున్నావు’ అంటున్నారు. మావారేమో ‘నువ్వే నచ్చజెప్పు, నీ మాటైతే వింటుంది’ అంటారు. పోయిన నెల భూమికీ మాకూ మధ్య సూర్యుడు అడ్డొచ్చి రెండు వారాలు మెసేజ్‌లు ఆగిపోయాయి. ఆ రెండు వారాలే హాయిగా నిద్రపోయాను. అదీ తప్పే అనిపిస్తోంది. పాపను తీసుకెళ్లమంటారా, వద్దంటారా?
– ఓ కోడలు, ఆర్కేడియా

తీసుకెళ్లొద్దు. ఈ ప్రశ్న మీద ఇంకో రాత్రి నిద్ర పాడుచేసుకోకండి. పుష్కరాలు 12 రోజులు. ఓడ బయల్దేరే అదను 26 నెలలకోసారి వస్తుంది. రావడానికి ఏడెనిమిది నెలలు, తిరుగు ప్రయాణపు అదను కోసం ఇక్కడ భూమ్మీద ఏడాదికి పైగా ఎదురుచూపు, పోవడానికి మళ్లీ అన్ని నెలలు. అంతా కలిపి మూడేళ్లకు దగ్గర పడుతుంది. మీ దగ్గర మనిషి బరువు ఇక్కడి బరువులో 38 శాతమే. పుట్టినప్పటి నుంచి తేలిగ్గా గెంతిన పిల్ల ఇక్కడ దిగీదిగగానే తన ఒంటినే రెండున్నర రెట్లకు పైగా మోయాలి. డాక్టర్లు సందేహిస్తున్నప్పుడు ఏ తల్లీ ఆ పని చేయకూడదు. గురుడు కన్యారాశిలోకి 12 ఏళ్లకు మళ్లీ వస్తాడు, కృష్ణకు మళ్లీ పుష్కరాలొస్తాయి. అప్పటికి పాప తనంతట తాను ఆలోచించుకుంటుంది.

ఇక అసలు సంగతి. ఉత్తరం చివర్లో, సిగ్గుపడుతూ రాసిన ఆ రెండు వారాల నిద్ర దగ్గర నేను ఆగిపోయాను. అత్తగారి గొంతు వినపడకపోతే నిద్ర పట్టిందంటే మీరు చెడ్డ కోడలని కాదమ్మా. మీది కాని బరువు మోస్తున్నారని. అది మీ ఆయన బరువు.

ఇక్కడ అచ్చు వేయని భాగంలో మీరే రాశారు. తల్లి మెసేజ్ వచ్చిందంటే ఆయన పాపకు అన్నం కలపడానికి లేచి వెళ్లిపోతారని. సంక్రాంతికి మాత్రం మీ భుజం వెనక నుంచి తల పెట్టి ‘బావున్నావా అమ్మా, బీపీ టాబ్లెట్లు వేసుకుంటున్నావా’ అని రెండు ముక్కలు మాట్లాడి తప్పుకుంటారని. ఆ టాబ్లెట్లు అయిపోతే గుంటూరులో ఆడపడుచుకు చెప్పి తెప్పించేదీ మీరే. సూటిపోటి మాటలు పడేదీ మీరే. తల్లీకొడుకుల మధ్య మీరు అడకత్తెరలో పోకచెక్కలా నలుగుతుంటే ఆయన ‘నీ మాటైతే వింటుంది’ అని పొగుడుతున్నారు. భార్యను అలా పొగిడి తన పని ఆమె మీద వేసే భర్తలంటే నాకు మొదటి నుంచీ కోపం. కన్నతల్లి బాగోగులు కొడుకు చూసుకోవాలి. కోడలు సాయం చేస్తుంది, అది ఆమె మంచితనం. పెళ్లయింది కదా అని కొడుకు పని ఆమెకు బదిలీ కాదు.

మీ దూరం వల్ల ఇంకో చిక్కు కూడా ఉంది. ఒకే ఇంట్లో ఉండే అత్తాకోడళ్లు ఉదయం మాటామాటా అనుకున్నా సాయంత్రానికి కలిసి కూరగాయలు తరుగుతారు. మీకేమో ఒక మాట చేరడానికే ఇప్పుడు దాదాపు 20 నిమిషాలు. ఆమె అనేస్తారు, మీ ముఖం వాడిపోవడం ఆమెకు కనపడదు, కాబట్టి తగ్గరు. మీరు ఆ ఒక్క మాటనే మళ్లీ మళ్లీ పెట్టుకుని వింటారు. జవాబు మూడుసార్లు రికార్డు చేసి చెరిపేస్తున్నానని రాశారు. ఇలాగైతే కోపం చల్లారే దారేది?

మీ ఆయన ఎందుకు తప్పించుకుంటున్నారో కూడా మీ ఉత్తరంలోనే ఉంది. తండ్రి అంత్యక్రియలు తెర మీద చూశారు. తలకొరివి చిన్నాన్నగారి అబ్బాయి పెట్టాడు. మర్నాడు ఈయన షిఫ్టుకు వెళ్లిపోయారు, ఆ తర్వాత ఇంట్లో నాన్న పేరెత్తలేదు. అమ్మ ముఖం చూడాలంటే ఆయనకు భయం. ఒక్కగానొక్క కొడుకు చేయాల్సింది చేయలేకపోయానన్న బాధ లోపల ఉంది. నాకూ ఆయన మీద జాలే. కానీ రెండేళ్లుగా ఆ బాధకు కూలి మీరు కడుతున్నారు. అది న్యాయం కాదు. ఆ తల్లి కూడా పాపను చూపించమంటున్నారు గానీ, ఆమె వెతుక్కుంటున్నది కొడుకునని నా నమ్మకం. అడగలేక మనవరాలి పేరు చెబుతున్నారు, అడ్డం నిలబడ్డది మీరు కాబట్టి మిమ్మల్ని అంటున్నారు.

ఒక మాట మీక్కూడా చెప్పాలి. మంచి కోడలనిపించుకోవాలన్న ఆశతో మొదట్లో ఈ బాధ్యత మీరే నెత్తిన పెట్టుకున్నారు. అప్పుడది బాగానే ఉండి ఉంటుంది. ఇప్పుడు దించుకోండి.

ఈ రోజు నుంచి ఆమె మెసేజ్‌లు తెరవకండి, ఆయన కోసం ఉంచండి. పోట్లాడొద్దు. ‘మీ అమ్మగారు మీకే పెట్టారు, మీరే వినండి’ అని చెప్పండి, చాలు. రెండు రోజులు ఆయన తెరవకపోవచ్చు, ఇల్లు బిగుసుకుపోవచ్చు. మీరు మెత్తబడొద్దు. టైమ్ లేదంటే ఒప్పుకోకండి. మీ రోజు మా రోజుకన్నా దాదాపు 40 నిమిషాలు పెద్దది. అందులో సగం చాలు అమ్మతో మాట్లాడటానికి. పుష్కరాలకు పాప రాదన్న మాట ఆయన నోటి నుంచే వెళ్లాలి. దానికన్నా ముందు నాన్న గురించి మాట్లాడమనండి, ఆ రోజు రాలేకపోయినందుకు అమ్మ దగ్గర ఏడవాలనిపిస్తే ఏడవమనండి. మామగారి తద్దినం తెనాలి పంచాంగం ప్రకారం పెడుతున్నారు కదా, ఆ రోజు సెలవు పెట్టి ఆమెతో పాటే తెర ముందు కూర్చోమనండి.

పాప బొమ్మలు వేసి నానమ్మకు చూపిస్తానంటే మాత్రం ఆపకండి. మీ కబుర్లు మీరు చెప్పుకోవాలనిపిస్తే అదీ చెప్పుకోండి, ఆమె మీకూ పెద్దదిక్కే. పాప రాక గురించీ, మందుల గురించీ అడిగితే ‘మీ అబ్బాయి చెబుతారత్తయ్యా’ అనండి. ఆయన మొదటిసారి ఒక్కరే రికార్డు చేసేటప్పుడు మీరు ఆ గదిలో ఉండకండి.