మసాయి బాలికలు: మందులతోనే ఆగే సమస్యేనా?

ప్రశ్న: మా అక్కవాళ్లు నైరోబీలో ఉంటారు. పశువులు మేపుకుని బతికే మసాయి తెగవారు ఎక్కువగా ఉండే నరోక్ జిల్లాలో బడికి వెళ్లే వయసులోనే చాలామంది ఆడపిల్లలు గర్భవతులవుతున్నారని ఆమె చెప్పింది. గర్భనిరోధక సాధనాలు అందరికీ అందిస్తే సరిపోదా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: మీ అక్కగారు చెప్పింది నిజమే. కెన్యా జాతీయ ఆరోగ్య సర్వే ప్రకారం 2014లో నరోక్‌లోని 15–19 ఏళ్ల అమ్మాయిల్లో 40 శాతం మంది అప్పటికే తల్లులో, గర్భవతులో. 2022 నాటికి అది 28 శాతానికి తగ్గినా, దేశ సగటు 15 శాతమే.

మాత్రలు, ఇంజెక్షన్లు, చేతిలో అమర్చే ఇంప్లాంట్లు తప్పకుండా అందాలి. అయితే ఆరోగ్య కేంద్రం మైళ్ల దూరంలో ఉన్నచోట, పెళ్లికాని పిల్ల అక్కడికి వెళ్లడం నలుగురి కంట పడుతుందన్న భయం ఉన్నచోట వాటితోనే పని జరగదు. అసలు చిక్కు అంతకన్నా ముందే మొదలవుతుంది. సున్తీ, అంటే జననాంగాల కోత, జరిగిన ఆడపిల్లను మసాయి సంప్రదాయం ఎదిగిన స్త్రీగా, పెళ్లికి తగినదిగా లెక్కగడుతుంది. ఆపైన చదువు ఆగడానికి, పెళ్లికి, కాన్పుకు మధ్య ఎడం తక్కువ. కరవుకు మంద నశించిన తండ్రికి కన్యాశుల్కంగా వచ్చే ఆవులు ఎంత అవసరమో వేరే చెప్పనక్కర్లేదు. 2011లోనే సున్తీని నిషేధించిన చట్టం ఉన్నా, ఆ తంతు చాటుగా సాగుతూనే ఉంది.

అందుకే నా దృష్టిలో ఊరిపెద్దలను, మొరాన్లనే యువయోధులను ఒప్పించడమే కీలకం. కిలిమంజారో దిగువనున్న కిమానా గ్రామానికి చెందిన నైస్ నైలాంటెయ్ లెంగెటే చిన్నతనంలో సున్తీ తప్పించుకుని పారిపోయిన మసాయి మహిళ. ఆడమనిషి మాట వినడానికి పెద్దలు మొదట ఇష్టపడకపోతే, ఆమె యువకులతో చర్చ మొదలుపెట్టి, తరువాత పెద్దల దాకా వెళ్లారు. ఆమె పనిచేసిన ఆమ్రెఫ్ అనే ఆరోగ్య సేవా సంస్థ కోత లేకుండానే పిల్లలను పెద్దరికంలోకి ఆహ్వానించే వేడుకను ఊళ్లవారితో కలిసి జరిపిస్తుంది. అందులో శరీరం గురించి, గర్భం గురించి పాఠాలుంటాయి, పెద్దల దీవెనా ఉంటుంది. ఒక్క వేడుకతో అంతా మారిపోదు గానీ, పాఠానికి పెద్దల మాట తోడైతే ఇంట్లో ఆ పిల్లకు కాస్త బలం దొరుకుతుంది.

ఇప్పటికే తల్లులైనవారి సంగతీ మరువకూడదు. మసాయిలు ఉండే మరో దేశం టాంజానియా, గర్భవతులైన బాలికలను ప్రభుత్వ బడుల్లోకి రానివ్వని విధానాన్ని 2021 నవంబరులో ఎత్తివేసింది. కెన్యాలో వారిని తిరిగి చేర్చుకోవాలన్న విధానం 1994 నుంచే ఉంది. కానీ పగటిపూట పసిబిడ్డను చూసుకునేవాళ్లు ఇంట్లో లేకపోతే ఆ తల్లి బడి గడప తొక్కలేదు.