క్యాటలాగ్ పక్కన పెట్టి ప్రపోజల్ రాయి తల్లీ

చి. శ్రావణికి, పెద్దనాన్న ఆశీస్సులు.

కలెక్టరేట్‌లో నీకు విపత్తు నిర్వహణ సెక్షన్ ఇచ్చారని, రసాయన ప్రమాదాలను ఎదుర్కొనే పరికరాల కోసం గ్రాంట్ ప్రపోజల్ తయారుచేయమన్నారని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక టెన్షన్ పడుతున్నావట. ఫైర్ సర్వీసులో ఉన్నన్నాళ్లూ ఇలాంటి ఫైళ్లు చాలా చూశాను కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నాను.

ముందు సప్లయర్లు ఇచ్చిన క్యాటలాగులు నీ బల్ల మీద నుంచి తీసెయ్. ఫలానా రక్షణ సూట్ బాగుంది, ఫలానా వాహనం పక్క రాష్ట్రం వాళ్లు కొన్నారు అని మొదలైన ప్రపోజల్‌కు ఫైనాన్స్ వాళ్లు వేసే మొదటి ప్రశ్నకే జవాబుండదు. "మీ జిల్లాలో ఇది దేనికి?" అంటారు. ఆ జవాబు మీ ఆఫీసు బీరువాలోనే ఉండాలి. 1989 నాటి ప్రమాదకర రసాయనాల నిబంధనల ప్రకారం, భారీ ప్రమాదానికి ఆస్కారమున్న ఫ్యాక్టరీ తన ఆన్‌సైట్ ప్లాన్ తనే రాసుకుని ఆరు నెలలకోసారి మాక్ డ్రిల్ చేయాలి. గోడ బయట ఏం చేయాలో చెప్పే ఆఫ్‌సైట్ ప్లాన్ జిల్లా యంత్రాంగం బాధ్యత, దానికి ఏడాదికోసారైనా రిహార్సల్ జరగాలి. 1996 నాటి రసాయన ప్రమాదాల నిబంధనల కింద కలెక్టర్ అధ్యక్షతన జిల్లా క్రైసిస్ గ్రూప్ ఉంటుంది. అది 45 రోజులకోసారి సమావేశం కావాలి. ఆ మినిట్స్, ఆ ప్లాన్లు బయటికి తీసి చదువు. సమావేశాలు సరిగా జరగకపోతే ముందు అది సరిచేయించు. తన క్రైసిస్ గ్రూపే సమావేశం కాని జిల్లా కోట్లు అడిగితే ఎవరైనా ఎందుకిస్తారు?

తర్వాత ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టర్‌నీ స్టేషన్ ఫైర్ ఆఫీసర్‌నీ వెంటబెట్టుకుని జీడిమెట్ల, చర్లపల్లి పారిశ్రామికవాడలు తిరిగి రా. ఏ రసాయనం ఎక్కడ, ఎంత ఉందో రాసుకో. కొనే సామాను లిస్టు దాన్నుంచే పుట్టాలి. క్లోరిన్ గాలికంటే బరువు, నేల పట్టుకుని పల్లానికి పారుతుంది. దానికి సిలిండర్ లీకేజీ మూసే కిట్ కావాలి. కోల్డ్ స్టోరేజీల్లో వాడే అమ్మోనియా గాలికంటే తేలిక. మెథనాల్, అసిటోన్ లాంటి సాల్వెంట్లకు (ద్రావకాలకు) నిప్పంటుకుంటే మంటలార్పే మామూలు ఫోమ్ పనికిరాదు. అవి నీళ్లలో కలిసే ద్రవాలు కాబట్టి ఆ ఫోమ్ పొరను తినేస్తాయి. వాటికి ఆల్కహాల్‌ను తట్టుకునే ఫోమ్ వేరే ఉంటుంది. ఫార్మా యూనిట్లున్న మన చుట్టుపక్కల ఇది తెలియకుండా 'ఫోమ్' అని ఒక్క మాట రాసి పంపితే, ధర తక్కువని మామూలుదే కొంటారు.

రోడ్డు మీది ప్రమాదాన్ని మర్చిపోకు. చర్లపల్లి ఆయిల్ డిపోల నుంచి ట్యాంకర్లు పగలూ రాత్రీ కదులుతుంటాయి. ట్యాంకర్ మీద ఎమర్జెన్సీ ప్యానెల్‌లో నాలుగంకెల నంబర్ ఉంటుంది చూడు, 1203 అంటే పెట్రోలు, 1017 అంటే క్లోరిన్, 1005 అంటే అమ్మోనియా. ఔటర్ మీద ట్యాంకర్ బోల్తా పడితే అందరికంటే ముందు వచ్చేది పెట్రోలింగ్ కానిస్టేబుల్, 108 కుర్రాడు. ఆ నంబర్ దూరం నుంచే చదివి చెప్పడం వాళ్లకు నేర్పడానికి పెద్ద ఖర్చు కాదు. ప్రపోజల్‌లో ఆ శిక్షణను తప్పకుండా పెట్టు. కారిన నూనె వాననీటి కాలువలో పడితే నాలాకి, అక్కడి నుంచి చెరువుకో మూసీకో చేరుతుంది. అందుకే పీల్చే ప్యాడ్లు, అడ్డుకట్ట వేసే బూమ్‌లు, ఇసుక లిస్టులో ఉండాలి. నాంపల్లి బజార్‌ఘాట్‌లో 2023 నవంబర్‌లో మంటలు చెలరేగింది అపార్ట్‌మెంట్ కింద పెట్టిన కెమికల్ డ్రమ్ముల దగ్గర. కాబట్టి ఇళ్ల మధ్య గోడౌన్లు కూడా నీ లెక్కలోకి రావాలి.

ఇక డబ్బు ఏ పద్దు కింద అడగాలన్నది. రాష్ట్ర విపత్తు ప్రతిస్పందన నిధి నుంచి సాయానికి కేంద్రం నోటిఫై చేసిన జాబితాలో 2021-26 కాలంలో 12 విపత్తులుండేవి. అందులో అగ్నిప్రమాదం ఉండేది, గ్యాస్ లీక్ లేదు. స్థానిక విపత్తులకు రాష్ట్రం ఆ నిధిలో 10 శాతం దాకా వాడుకోవడానికి అప్పట్లో వీలుండేది, దానికి రాష్ట్రం ముందే ప్రకటించి ఉండాలి. 15వ ఆర్థిక సంఘం 2021-26కు సన్నద్ధత, సామర్థ్యం పెంపు కోసం విడిగా ఒక పద్దు పెట్టింది. ఫైర్ సర్వీసుల ఆధునికీకరణకు కేంద్రం రూ. 5,000 కోట్ల పథకం ప్రారంభించింది కూడా జాతీయ విపత్తు ప్రతిస్పందన నిధిలోని అలాంటి పద్దు నుంచే. అందులో మనలాంటి రాష్ట్రాలు 25 శాతం వాటా పెట్టాల్సి ఉండేది. 2026 ఏప్రిల్ నుంచి 16వ ఆర్థిక సంఘం కాలం కాబట్టి పాత ఫైల్‌లోని శాతాలు దించేయకుండా తాజా మార్గదర్శకాలు చూసుకో. ఏ పద్దు అయినా రాష్ట్ర వాటాకు బడ్జెట్‌లో చోటుందని ఆర్థిక శాఖ నుంచి కాగితం ముందే తెచ్చుకో.

నాకు బాగా బాధనిపించేది స్టోర్‌రూమ్‌లో మూలబడ్డ పరికరాలు. గ్యాస్ డిటెక్టర్ కొంటారు. దాని సెన్సర్‌కు రెండు మూడేళ్లే ఆయుష్షు, మధ్యలో కాలిబ్రేషన్ (రీడింగ్ సరిచూడటం) కావాలి. ఆ ఖర్చు ఎవరూ రాయరు. అవసరమైన రోజు అది సున్నా చూపిస్తే నమ్మి లోపలికి వెళ్లేది మన ఫైర్ సర్వీసు కుర్రాళ్లే. బ్రీతింగ్ సెట్ కూడా అంతే. 6.8 లీటర్ల సిలిండర్‌లో 300 బార్ ఒత్తిడితో గాలి నింపితే కాగితం మీద ముప్పావుగంటపైనే వస్తుంది. బరువైన సూట్ వేసుకుని, భయంతో, పని చేస్తూ పీలిస్తే అరగంట కూడా రావడం కష్టం. తిరిగి నింపే కంప్రెసర్ దగ్గర్లో లేకపోతే రెండో విడత మనిషి లోపలికి వెళ్లలేడు. ఇద్దరు లోపలికి వెళ్తే ఇద్దరు సూట్లు వేసుకుని బయట సిద్ధంగా ఉండాలి, వచ్చినవాళ్లను కడిగి శుభ్రం చేసేవాళ్లు వేరే ఉండాలి. సూట్ల సంఖ్యను ఈ లెక్కతో వేయి. ఏఎంసీ (ఏడాది నిర్వహణ కాంట్రాక్టు), సెన్సర్లు, శిక్షణ ఖర్చు ఐదేళ్లకు కలిపి చూపించు. గ్రాంట్ వాటికి ఒప్పుకోకపోతే ఏ శాఖ భరిస్తుందో రాతపూర్వకంగా జతచేయి.

విశాఖ ఆర్.ఆర్.వెంకటాపురంలో 2020 మే 7 తెల్లవారుజామున ఫ్యాక్టరీ నుంచి స్టైరిన్ ఆవిరి లీకై 12 మంది పోయారు. సైరన్ మోగలేదని తర్వాత వేసిన కమిటీ చెప్పింది. నిద్రలో ఉన్నవాళ్లకు ఎటు పరిగెత్తాలో ఎవరు చెబుతారు? అందుకే ఫ్యాక్టరీ పక్క బస్తీల వాళ్లకు గాలివాటం చూసి అడ్డంగా తప్పుకోవడం నేర్పే డ్రిల్‌కు కూడా డబ్బు అడుగు. అధికారులు వాహనం ఫొటో చూసి సంతోషిస్తారు, ఈ పద్దు కొట్టేయాలని చూస్తారు. నువ్వు గట్టిగా నిలబడు.

మంజూరైతే మొదటి రోజే విడి రిజిస్టర్ తెరువు. డబ్బు దేనికి ఖర్చయిందో చెప్పే యుటిలైజేషన్ సర్టిఫికెట్ (యూసీ) కేంద్ర ఆర్థిక నియమాల్లోని జీఎఫ్ఆర్ 12-సి ఫారంలో పోవాలి. డబ్బు మీద వచ్చిన వడ్డీ సంగతి మంజూరు ఉత్తర్వులో చూసుకో, దాన్ని మన సొమ్ముగా ఖర్చు పెట్టేయకూడదు. పాత యూసీ పెండింగ్‌లో ఉంటే తర్వాతి విడత ఆగిపోతుంది. అలాంటిది మీ సెక్షన్‌లో ఏమైనా ఉందేమో ఈ వారమే వెతుకు.

డ్రాఫ్ట్ తయారయ్యాక క్రైసిస్ గ్రూప్ సమావేశం ఎజెండాలో పెట్టించి, ఆమోదం తెలిపిన మినిట్స్ జతచేసి పంపు. దానికి ముందు ఒక ప్రింట్ తీసి నాకు ఇవ్వు, సామాను లిస్టు నేను పెన్ను పట్టుకుని చూస్తాను.

మీ పెద్దనాన్న,
హైదరాబాద్