మదర్‌బోర్డు మార్చాక విండోస్ తెరుచుకోకపోతే ఫార్మాటే దిక్కా?

ప్రశ్న: పాత మదర్‌బోర్డు పాడవడంతో కొత్త బోర్డు, దానికి తగిన ప్రాసెసర్, ర్యామ్ వేయించి, పాత ఎస్‌ఎస్‌డీనే మళ్లీ అమర్చాను. ఆన్ చేసిన ప్రతిసారీ నేరుగా బయోస్ (మదర్‌బోర్డు సెట్టింగుల) తెర వస్తోంది. అక్కడ ఎస్‌ఎస్‌డీ పేరు కనిపిస్తోంది గానీ బూట్ జాబితాలో (విండోస్‌ను మొదలుపెట్టగల డిస్కుల జాబితాలో) మాత్రం లేదు. అందులో ఉన్నది విండోస్ 7 నుంచి అప్‌గ్రేడ్ చేసుకున్న విండోస్ 10. ఫార్మాట్ చేయక తప్పదా?

జవాబు: అక్కర్లేదు. బయోస్ తెర వస్తోందంటే ప్రాసెసర్, ర్యామ్ పనిచేస్తున్నట్టే. డిస్కు పేరు కనిపిస్తోంది కాబట్టి కేబుల్‌ను కూడా అనుమానించనవసరం లేదు. తేడా బహుశా బూట్ పద్ధతిలో వచ్చింది. విండోస్ 7 కాలంలో ఇన్‌స్టాల్ చేసిన డిస్కులు చాలావరకు ఎంబీఆర్ అనే పాత విభజన పద్ధతిలో ఉంటాయి, ఆ తర్వాత ఎన్ని అప్‌గ్రేడ్లు చేసినా ఆ పద్ధతి మారదు. కొత్త బోర్డులేమో యూఈఎఫ్‌ఐ అనే కొత్త బూట్ పద్ధతిలో, జీపీటీ అనే కొత్త విభజన పద్ధతి ఉన్న డిస్కులోని బూట్ విభాగం కోసం వెతుకుతాయి.

బయోస్‌లో సెక్యూర్ బూట్ అనే రక్షణను ఆపేసి, పాత బూట్ పద్ధతికి వీలిచ్చే సీఎస్‌ఎం అనే ఆప్షన్‌ను ఆన్ చేస్తే పాత పద్ధతిలోనే విండోస్ తెరుచుకోవచ్చు. అయితే కొన్ని కొత్త బోర్డుల్లో, విడిగా గ్రాఫిక్స్ కార్డు లేకపోతే, ఈ ఆప్షన్ ఆన్ కాదు. పైగా విండోస్ 10కు మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు ఎలాగూ యూఈఎఫ్‌ఐ కావాలి కాబట్టి, డిస్కునే జీపీటీలోకి మార్చుకోవడం మేలని నా అభిప్రాయం.

అందుకు 2017లో వచ్చిన 1703 వెర్షన్ నుంచి విండోస్ 10లోనే ఎంబీఆర్2జీపీటీ అనే టూల్ ఉంది. ముందు ఎస్‌ఎస్‌డీని వేరే కంప్యూటర్‌కు తగిలించి ముఖ్యమైన ఫైళ్లను కాపీ చేసుకోండి. తర్వాత మిగతా డిస్కులన్నీ తీసేసి, విండోస్ 10 ఇన్‌స్టాలేషన్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, భాష ఎంచుకోమనే తెర దగ్గర షిఫ్ట్, ఎఫ్10 కీలు కలిపి నొక్కితే కమాండ్ ప్రాంప్ట్ వస్తుంది. అక్కడ టూల్ పేరు పక్కన స్లాష్ వ్యాలిడేట్ (mbr2gpt /validate) అని ఇచ్చి, అది అభ్యంతరం చెప్పకపోతేనే స్లాష్ కన్వర్ట్ (mbr2gpt /convert) ఇవ్వండి. డిస్కులో ప్రైమరీ పార్టిషన్లు (ప్రధాన విభాగాలు) మూడుకు మించినా, లోపల మరికొన్ని విభాగాలుండే ఎక్స్‌టెండెడ్ పార్టిషన్ ఉన్నా వ్యాలిడేట్ దగ్గరే ఆగిపోతుంది. మీది 32-బిట్ విండోస్ అయితే మాత్రం ఈ దారి పనికిరాదు. డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే 48 అంకెల రికవరీ కీ వెతికి పెట్టుకోండి. ఆ తాళాన్ని దాచి ఉంచే టీపీఎం చిప్ పాత బోర్డుతోనే పోయింది కాబట్టి విండోస్ ఆ కీ అడుగుతుంది, అన్‌లాక్ చేయకుండా మార్పిడి కూడా సాగదు.

మార్పిడి పూర్తయ్యాక సీఎస్‌ఎం ఆపేసి బూట్ చేయండి. అప్పుడు నీలి తెర మీద ‘ఇన్‌యాక్సెసబుల్ బూట్ డివైస్’ అని వస్తే, కొత్త బోర్డు బయోస్‌లో స్టోరేజీ (డిస్కును నడిపే) సెట్టింగు రెయిడ్ లేదా వీఎండీ మోడ్‌లో ఉందేమో చూసి, ఏహెచ్‌సీఐ అనే మామూలు మోడ్‌కు మార్చండి. అప్పటికీ కుదరకపోతే రికవరీ తెరలోని స్టార్టప్ సెట్టింగ్స్ ద్వారా ఒకసారి సేఫ్ మోడ్‌లోకి వెళ్లి రండి. అక్కడ విండోస్ తనకు కావలసిన స్టోరేజీ డ్రైవర్‌ను లోడ్ చేసుకుంటుంది, ఆ తర్వాత మామూలుగానే తెరుచుకోవచ్చు.

యాక్టివేషన్ పోయిందన్న సందేశం కూడా రావచ్చు. విడిగా కొన్న రిటైల్ లైసెన్స్ అయితే మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయి, ట్రబుల్‌షూటర్‌లో ‘ఇటీవల హార్డ్‌వేర్ మార్చాను’ అన్న అర్థమొచ్చే ఆప్షన్ ఎంచుకుంటే తిరిగి రావచ్చు. కంప్యూటర్‌తో పాటు వచ్చిన ఓఈఎం లైసెన్స్ సాధారణంగా పాత బోర్డుతోనే ముగుస్తుంది.