టెక్ సందేహాలు: సోడా మెషీన్ సరే, సిలిండర్ ఎక్కడ నింపిస్తారు?

ప్రశ్న: మేం ఇంట్లో నలుగురం. వేసవి వస్తే రోజూ నిమ్మ సోడా ఉండాల్సిందే. ఆన్‌లైన్‌లో 7,000 రూపాయలకు సోడా మెషీన్ చూశాం. గ్యాస్ అయిపోతే సిలిండర్ మార్చుకోవడానికి 1,200. ఒక సిలిండర్‌తో 60 లీటర్లు వస్తాయట. మా వీధి కొట్టులో 750 మిల్లీలీటర్ల సోడా 20 రూపాయలు. కొనొచ్చా? కరెంటుతో పనిచేసే మోడల్ అయితే ఇంకా మంచిదా?
- ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

డబ్బు మిగులుతుందనుకుని మాత్రం కొనకండి. మీరిచ్చిన అంకెలతోనే లెక్క వేద్దాం. కొట్టులో సోడా లీటరు దాదాపు 27 రూపాయలు పడుతోంది. సిలిండర్‌తో నిజంగా 60 లీటర్లు వస్తే ఇంట్లో లీటరు 20. మిగిలేది ఏడు రూపాయలు. మెషీన్‌కు పెట్టిన 7,000 వెనక్కి రావాలంటే వెయ్యి లీటర్లు తాగాలి. పైగా ఆ 60 అనేది అట్టపెట్టె మీది లెక్క. ఈ చిన్న సిలిండర్లలో ఉండేది సుమారు 400 గ్రాముల కార్బన్ డయాక్సైడ్. లీటరు నీళ్లకు ఆరేడు గ్రాములతో సరిపెట్టుకుంటేనే 60 లీటర్లు. మనకేమో గొంతులో చుర్రుమనాలి, నొక్కిన ప్రతిసారీ కొంత గ్యాస్ బుస్సున బయటికీ పోతుంది. 40 లీటర్లే వచ్చిందనుకోండి, లీటరు 30 పడుతుంది. అప్పుడు కొట్టు సోడానే చవక!

మరి ఎందుకు కొంటారంటే, గ్లాసులో ఏం పడుతుందో మన చేతిలో ఉంటుంది కాబట్టి. మామూలు కోలా 300 మిల్లీలీటర్లలో 30 గ్రాములకు పైగా చక్కెర ఉంటుంది, అంటే ఏడెనిమిది చెంచాలు. ఇంట్లో నిమ్మకాయ, ఉప్పు, కాస్త సుగంధి సిరప్‌తో పని అయిపోతుంది. పిల్లలు కూల్‌డ్రింక్ కోసం మారాం చేసే ఇల్లయితే ఈ ఒక్క కారణం చాలు. ఖాళీ ప్లాస్టిక్ బాటిళ్ల గుట్ట కూడా తగ్గుతుంది. బిర్యానీ తిన్నాక సోడా తాగితే అరుగుతుందన్న నమ్మకాన్ని మాత్రం ఈ ఖాతాలో వేయకండి. వచ్చేది త్రేనుపే. ఛాతీలో మంట ఉన్నవాళ్లకు అది ఇంకా ఇబ్బంది.

ఇక అసలు విషయం సిలిండర్. మెషీన్ అనేది నిజానికి ఒక వాల్వు, ఒక గొట్టం. ఏ కంపెనీదైనా చేసే పని ఒకటే. తేడా అంతా గ్యాస్ మీకు ఎంత దగ్గర్లో దొరుకుతుందన్న దాంట్లో ఉంది. సిలిండర్లు ప్రధానంగా రెండు రకాలు: స్క్రూలా తిప్పి బిగించేవి, క్విక్ కనెక్ట్ అని నొక్కి పెట్టేవి. ఒకదానిది ఇంకోదానికి పట్టదు. మీ మెషీన్‌కు ఏది పడుతుందో, గుంటూరులోగానీ విజయవాడలోగానీ దాన్ని ఎవరు మార్చి ఇస్తారో ఫోన్ చేసి కనుక్కున్నాకే ఆర్డర్ పెట్టండి. ఒత్తిడిలో ఉన్న గ్యాస్ కాబట్టి మామూలు పార్శిల్‌లా పంపడం కుదరదు. రీఫిల్ దొరక్కపోతే మెషీన్ అటకెక్కాల్సిందే.

ఆటోనగర్‌లో వెల్డింగ్ గ్యాస్ పట్టేవాళ్ల దగ్గర చవగ్గా నింపిస్తామని ఎవరైనా అంటే వద్దనండి. తాగే నీళ్లలో కలిపేది ఫుడ్ గ్రేడ్ గ్యాసే అయ్యుండాలి. ఎక్కువ కుక్కితే అది వేరే ప్రమాదం. మార్చి తెచ్చుకున్న సిలిండర్‌ను వంటింటి త్రాసు మీద పెట్టండి. ఖాళీ బరువు సాధారణంగా దాని మీదే ముద్రించి ఉంటుంది, అది తీసేస్తే గ్యాస్ ఎంత పోశారో తెలిసిపోతుంది.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు కదా, ఆ ఎండలో సిలిండర్‌ను కారు డిక్కీలో వదిలేయకండి. 31 డిగ్రీలు దాటితే లోపల ద్రవంగా ఉన్న కార్బన్ డయాక్సైడ్ ఇక ద్రవంగా ఉండదు, ఒత్తిడి గబగబా పెరుగుతుంది. ఒత్తిడి మరీ పెరిగితే గ్యాస్‌ను బయటికి వదిలే రక్షణ మూత సిలిండర్‌కు ఉంటుంది నిజమే, దాన్ని పరీక్షించాల్సిన అవసరం మనకెందుకు?

వాడేటప్పుడు నీళ్లను ముందు ఫ్రిజ్‌లో బాగా చల్లబరచండి. ఐసులా చల్లగా ఉన్న నీళ్లు 25 డిగ్రీల నీళ్ల కంటే రెట్టింపు గ్యాస్ పట్టుకుంటాయి. మే నెలలో కుళాయి నీళ్లు పట్టి 'మెషీన్ పనిచేయట్లేదు' అనేవాళ్ల సమస్య చాలావరకు ఇదే. నిమ్మరసం, సిరప్ ఆఖర్నే కలపాలి. ముందే కలిపితే నురగ పొంగి వంటగట్టంతా జిగటే, వాల్వు కూడా మూసుకుపోతుంది. మెషీన్‌తో వచ్చిన ప్లాస్టిక్ బాటిల్‌ను వేడినీళ్లతో కడగొద్దు. దాని మీద గడువు తేదీ ఉంటుంది, అది దాటితే మార్చేయాలి.

కరెంటు మోడల్‌తో వచ్చే లాభం వేలికి శ్రమ తగ్గడమే. చేత్తో నొక్కేది తీసుకోండి.

ప్రశ్న: బేకింగ్ సోడా, నిమ్మ ఉప్పు బాటిల్‌లో వేసి మూత బిగిస్తే సోడా వస్తుందని వీడియోలో చూశాను. చేయొచ్చా?
- డిగ్రీ విద్యార్థి, విజయవాడ

గ్యాస్ వస్తుంది, దానితోపాటు ఉప్పగా ఒక వెగటు రుచీ వస్తుంది. ఎంత ఒత్తిడి పెరిగిందో చూపే సాధనం ఆ బాటిల్‌కు లేదు. గాజు సీసాలో అయితే అసలు వద్దు, పగిలితే ముక్కలు మొహానికే. డ్రై ఐస్ (గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్) వేసి మూత పెట్టడం ఇంతకంటే ప్రమాదం.

ప్రశ్న: గ్యాస్ గుళిక బిగించి సోడా చేసుకునే స్టీల్ సైఫన్ బాటిల్ ఉంది. చిన్న గ్యాస్ గుళికలు ఆన్‌లైన్‌లో 'క్రీమ్ చార్జర్' పేరుతో తక్కువకు వస్తున్నాయి. వాడొచ్చా?
- పటమట, విజయవాడ

వద్దు. అందులో ఉండేది నైట్రస్ ఆక్సైడ్, క్రీమ్ గిలకొట్టడానికి వాడేది. దానితో సోడా ఘాటు రాదు, పీల్చడం కూడా ప్రమాదం. మీకు కావాల్సింది కార్బన్ డయాక్సైడ్ అని రాసి ఉన్న 8 గ్రాముల గుళిక. లీటరు సైఫన్‌కు ఒకటి ఖర్చవుతుంది, మళ్లీ నింపడం ఉండదు. ఒక్కో గుళిక ఎంత పడుతోందో చూసుకుని పక్కన సోడా బాటిల్ ధర రాయండి. నెలకు ఒకటిరెండుసార్లు చుట్టాలు వచ్చినప్పుడే వాడే ఇంటికైతే ఇదే నయం, 7,000 పెట్టి మెషీన్ కొనక్కర్లేదు.