గట్టు తవ్వేది నూట్రియా కాదు, కానీ తోకల లెక్కన మాత్రం డబ్బివ్వకండి

నాగావళి కాలువ గట్టు మీంచి పిల్లి అంత ఎలుక నీళ్ళలోకి దూకి ఈదుకుంటూ పోయిందట. యూట్యూబులో చూపించే నూట్రియా అనే పెద్ద నీటి ఎలుక అదేనా అనీ, ఎలుకలు పట్టేవాళ్ళు తోకకు ఇంత అని అడుగుతున్నారు, ఇవ్వచ్చా అనీ ప్రశ్న. మొదటిదానికి జవాబు: కాదు, అది పందికొక్కు. రెండోదానికి: ఇవ్వకండి. నిజానికి ఈ రెండో సంగతి కోసమే ఇంత రాస్తున్నాను.

నూట్రియా పుట్టిల్లు దక్షిణ అమెరికా దక్షిణ భాగం. మన వంశధార, నాగావళి, చంపావతి ఒడ్డున అది లేదు. ఎదిగితే 5 నుంచి 9 కిలోలు తూగుతుంది. మన పెద్ద పందికొక్కు కిలోకి అటూ ఇటూ, పొలం గట్లలో ఎక్కువగా ఉండే చిన్న రకం 200 నుంచి 400 గ్రాములు. ఈదడాన్ని గుర్తుగా పెట్టుకోవద్దు, పందికొక్కు కూడా బాగానే ఈదుతుంది. వెనక పాదం చూడండి. వేళ్ళ మధ్య బాతు కాలికున్నట్టు చర్మం ఉంటే అప్పుడు ఆలోచించాలి. అలాంటి పాదమే ఉండి, చేపలు తింటూ గుంపుగా తిరిగితే అది నీరుకుక్క. దానికి వన్యప్రాణి చట్టం రక్షణ ఉంది, దాని జోలికి పోవద్దు.

నూట్రియా ఒళ్ళు నీళ్ళకు తగ్గట్టే ఉంటుంది. తల్లి చన్నులు పొట్ట కింద కాదు, పక్కల్లో వీపుకు దగ్గరగా ఉంటాయి. అది ఈదుతుండగానే పిల్లలు పాలు తాగుతాయి. సుమారు 130 రోజులు మోసి నాలుగైదు పిల్లల్ని పెడుతుంది. అవి బొచ్చుతో, కళ్ళు తెరుచుకునే పుడతాయి. ఈనిన రెండు రోజుల్లోనే తల్లి మళ్ళీ ఎదకొస్తుంది. రోజుకు తన బరువులో పావు వంతు మేస్తుంది. అసలు నష్టం మేతలో కాదు, మేసే తీరులో ఉంది. జమ్ము, తుంగ లాంటివాటిని దుంపలతో సహా పెరికేస్తుంది. వేరు పోయాక బురదకు పట్టు ఉండదు, అలలు దాన్ని కోసుకుపోతాయి, రెల్లు ఉన్నచోట నీటి మడుగు మిగులుతుంది. అమెరికాలో లూసియానా చిత్తడి నేలలకు పట్టిన గతి ఇదే. దాన్ని అక్కడికి తెచ్చింది బొచ్చు వ్యాపారం కోసం. నూట్రియా పెంచితే లాభమెంత అని కామెంట్లలో అడిగేవాళ్ళు ఈ ముక్క రెండుసార్లు చదవాలి. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ మీద నిషేధం ఉన్నా దొంగచాటుగా చెరువుల్లో వేస్తున్న మనకు ఇంకో కొత్త జంతువు అక్కర్లేదు.

ఇక డబ్బు సంగతి. లూసియానాలో 2002 నుంచి తోకకు ఇంత అని ఇస్తున్నారు. అప్పుడు 4 డాలర్లు, ఇప్పుడు 6. నష్టం అదుపులో ఉంది కానీ జంతువు పోలేదు. ఇంగ్లండులో లెక్క వేరుగా వేశారు. 1929లో బొచ్చు కోసం తెచ్చినవి తప్పించుకుని తూర్పు జిల్లాల్లో కాలువ గట్లు తవ్వి, చక్కెర దుంప తోటలు పాడుచేశాయి. 1960లలో ఒకసారి పట్టారు, 1962-63 నాటి గడ్డకట్టే చలి కూడా చాలావాటిని చంపింది. కొన్ని మిగిలాయి, మళ్ళీ నిండాయి. 1981లో 24 మంది పట్టేవాళ్ళను జీతానికి పెట్టారు. నీళ్ళ మీద తేలే తెప్పలపై బోను, ఎరగా క్యారెట్. చిక్కు ఎక్కడంటే, చివరిది దొరికిన రోజున వాళ్ళ ఉద్యోగం పోతుంది. అలాంటప్పుడు ఒక జంటను వదిలేయాలని ఎవరికైనా అనిపిస్తుంది. అందుకని పని ఎంత త్వరగా ముగిస్తే అంత పెద్ద బోనస్ అన్నారు. 1989 జనవరిలో ఇక లేవని ప్రకటించారు.

మన ఊళ్ళో తోకల బేరం కుదిరితే పట్టేవాడు సులువుగా దొరికే చోట తవ్వి, ఈనిన తల్లిని వదిలేసి పోతాడు. పందికొక్కు మూడు వారాల్లో ఈనుతుంది, వచ్చే నెలకు మళ్ళీ అదే మనిషిని పిలవాలి. అందుకే కన్నాల లెక్కన బేరమాడండి. సాయంత్రం గట్టు మీది కన్నాలన్నీ మట్టితో మూయించండి. తెల్లారి తెరుచుకున్నవే బతికున్న కన్నాలు, వాటిని లెక్కపెట్టండి. పని అయ్యాక వారానికి మళ్ళీ మూసి చూసి, తెరుచుకున్నవి పోను మిగిలినవాటికే డబ్బివ్వండి.

మందు పెట్టేదైతే ఆయకట్టు మొత్తం ఒకేరోజు పెట్టాలి. ఒక్క రైతు పెడితే పక్క మడివి వచ్చి చేరతాయి. ఊడుపులయ్యాక, వరి పొట్టకు రాకముందే పెట్టండి. కంకి పాలు పోసుకున్నాక నూకల్ని అవి ముట్టవు. శ్రీకాకుళం సన్నాలు వేసినా, స్వర్ణ వేసినా ఇదే లెక్క. 960 గ్రాముల నూకలకు 20 గ్రాముల వంటనూనె పట్టించి, 0.25 శాతం బ్రోమాడయోలోన్ పొడి 20 గ్రాములు కలపాలి. 10 నుంచి 15 గ్రాముల కాగితం పొట్లాలు కట్టి కన్నం లోపలికి తోయాలి, గట్టు మీద చల్లకూడదు. చావడానికి కొన్ని రోజులు పడుతుంది, మర్నాడే మందు పనిచెయ్యలేదని తిట్టుకోవద్దు.

మడి గట్టు అడుగున్నర వెడల్పు, అడుగు ఎత్తు దాటితే మీరే వాటికి ఇల్లు కట్టిచ్చినట్టు.

చెరువు గట్టు సంగతి వేరు. కన్నం మూతిలో రెండు తట్టల మట్టి కుక్కి వదిలేస్తారు. లోపల సొరంగం అలాగే ఉంటుంది, తుఫానుకు నీటిమట్టం పెరగ్గానే అదే దారి పడుతుంది. నీళ్ళు తగ్గిన రోజుల్లో సొరంగం వెంట తవ్వి, జిగట మట్టి తడిపి, జానెడు మందం పొరలుగా దిమ్మిస కొట్టాలి. నీళ్ళు నిండుగా ఉన్నప్పుడు మాత్రం తవ్వకండి. బయటి వైపు ఊటనీరు తేటగా ఉంటే కాపలా చాలు. బురదగా వస్తే లోపల మట్టి కొట్టుకుపోతున్నట్టే. అప్పుడు ఊట మూతిని బంకమట్టితో బిగించకూడదు, నీరు ఇంకో దారి చేసుకుంటుంది. ముందు ఇసుక, పైన గులకరాళ్ళు, చుట్టూ ఇసుక బస్తాలు గూడులా పేర్చాలి. నీరు రావచ్చు, మట్టి రాకూడదు. చెరువు లోపలి వైపు కన్నం మూతి దొరికితే అక్కడ మాత్రం బంకమట్టి బస్తా కుక్కండి, మదుం (తూము) ఎత్తి మట్టం దించండి.

చచ్చిన పందికొక్కుల్ని కాలువలో పారేయకుండా లోతుగా పాతిపెట్టండి. కుక్కలు, గుడ్లగూబలు వాటిని తింటే అదే మందు వాటికీ ఎక్కుతుంది.