బాండులో రాసిన మూడు లక్షలూ కట్టాల్సిందేనా?

ప్రశ్న: నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. కంపెనీ నా చేత క్లౌడ్ కోర్సు చేయించింది. ఆరు వారాలు శని, ఆదివారాల్లో రికార్డు చేసిన వీడియోలు చూడటం, చివర సర్టిఫికెట్ పరీక్ష. ఫీజు కంపెనీయే కట్టింది. రెండేళ్లలోపు మానేస్తే మూడు లక్షలు చెల్లిస్తానని ముందే బాండు రాయించుకున్నారు. పదిహేను నెలలు పనిచేశాక వేరే ఉద్యోగం వచ్చింది. డబ్బు కట్టకపోతే రిలీవింగ్ లెటర్ ఇవ్వమని, క్రిమినల్ కేసు పెడతామని అంటున్నారు. ఇలాంటి బాండ్లు చెల్లవని స్నేహితులు చెబుతున్నారు. ఎవరి మాట నిజం?

జవాబు: ఇద్దరిదీ కాదు. ముందు మీ స్నేహితుల సంగతి. వృత్తి, వ్యాపారాలు చేసుకోకుండా అడ్డుకునే ఒప్పందాలు చెల్లవని కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ అంటుంది. ఉద్యోగంలో ఉన్న కాలానికి పెట్టిన షరతు మామూలుగా దానికి విరుద్ధం కాదని సుప్రీంకోర్టు 1967లోనే గోలికరి కేసులో చెప్పింది. 2025 మే నెలలో విజయా బ్యాంకు కేసులో ఇదే దారిలో నడిచి, మూడేళ్ల కాలానికి రెండు లక్షల బాండును సమర్థించింది. కాబట్టి మీరు సంతకం చేసిన కాగితాన్ని చించి పారేయలేరు. అయితే అక్కడ ఉన్నది ప్రభుత్వ రంగ బ్యాంకు. ఖాళీ అయిన పోస్టును మళ్లీ నింపాలంటే దానికి బహిరంగ ప్రకటన, పోటీ ప్రక్రియ తప్పవు. ఆ ఖర్చును కోర్టు లెక్కలోకి తీసుకుంది. రికార్డు చేసిన వీడియోలు చూపించిన ప్రైవేటు కంపెనీ అదే తీర్పును మీ ముందు పెడితే బెదరనక్కర్లేదు.

అసలు బేరమంతా అదే చట్టంలో, ఒప్పందం తప్పితే ఇచ్చే పరిహారం గురించి చెప్పే 74వ సెక్షన్‌లో ఉంది. ఒప్పందంలో ఎంత మొత్తం రాసుకున్నా అది గరిష్ఠ పరిమితి మాత్రమే. దానికి లోబడి సమంజసమైన పరిహారం ఎంతో కోర్టు తేలుస్తుంది. అసలు నష్టమే జరగనప్పుడు పరిహారం అడగడానికి లేదని 2015లో కైలాష్ నాథ్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. నష్టాన్ని లెక్కగట్టడం సాధ్యం కాని సందర్భాల్లో, ముందుగా నిజాయితీగా వేసుకున్న అంచనా మొత్తాన్ని ఇప్పించవచ్చని కూడా అదే తీర్పులో ఉంది. మీ విషయంలో ఆ చిక్కు లేదు. కోర్సు ఫీజుకు, పరీక్ష ఫీజుకు బిల్లులు ఉంటాయి కదా!

ఢిల్లీ హైకోర్టు 2011లో తేల్చిన ఒక కేసు మీ కథకు చాలా దగ్గర. మూడేళ్ల బాండు, రెండు లక్షల మొత్తం. ఉద్యోగి రెండేళ్లు చేసి మానేశాడు. కంపెనీ అతని మీద పెట్టిన ఖర్చు రూ.67,596 అని తేలింది. మిగిలింది ఒక్క ఏడాదే కనుక అందులో మూడో వంతు, రూ.22,532 మాత్రమే ఇప్పించారు. ఇదే కొలత మీకు వేద్దాం. మీ శిక్షణకు నిజంగా అయిన ఖర్చు నలభై వేలు అనుకుంటే, ఇరవై నాలుగు నెలల్లో తొమ్మిది మిగిలాయి కనుక మీ వంతు పదిహేను వేలు. ప్రతి కోర్టూ ఇదే లెక్క కడుతుందని హామీ ఇవ్వలేను గానీ, కంపెనీతో మాట మొదలుపెట్టడానికి ఇంతకన్నా మంచి చోటు లేదు.

క్రిమినల్ కేసు మాట ఉత్త బెదిరింపు. బాండు ఉల్లంఘన సివిల్ వివాదం, పోలీసులకు అందులో పని లేదు. ఒక్క మినహాయింపు: సంతకం చేసిన ఖాళీ చెక్కు ఏదైనా ఇచ్చారా? అది బౌన్స్ అయితే వ్యవహారం నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ కిందికి వెళ్తుంది, అది క్రిమినల్ కేసే. ఇచ్చి ఉంటే ఈ వారమే ఒక న్యాయవాదిని కలవండి.

చివరి జీతం సంగతి వేరు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం రాజీనామా చేసిన వారికి రావలసిన వేతనం రెండు పనిదినాల్లో చెల్లించాలి. ఏయే కోతలు విధించవచ్చో కూడా అందులో జాబితా ఉంది. శిక్షణ బాండు సొమ్ము ఆ జాబితాలో లేదు. రిలీవింగ్ లెటర్ మాత్రం నిజంగానే వాళ్ల చేతిలోని ఆయుధం. దాని కోసం కోర్టుకెక్కితే మీ కొత్త ఉద్యోగం అంతకాలం ఆగదు. అందుకే రాజీనామా ఈమెయిల్, అది అందిందన్న జవాబు, జీతపు చీటీలు భద్రపరచుకుని, వివాదం ఉన్నట్టు కొత్త యాజమాన్యానికి ముందే చెప్పండి.

నోటీసు కాలం పూర్తిగా పనిచేయండి, ఆ తప్పు మీ వైపు ఉండకూడదు. ఈలోగా కంపెనీకి ఒక ఈమెయిల్ రాయండి: నా శిక్షణకు అయిన ఖర్చు బిల్లులతో సహా చూపండి, మిగిలిన తొమ్మిది నెలల వంతు చెల్లించడానికి సిద్ధం అని. చర్చ తేలేదాకా మూడు లక్షలు బాకీ ఉన్నట్టు ఎక్కడా ఒప్పుకోవద్దు, ఫోనులో కూడా.